మూడో వరుస

మా ఊళ్లో బ్యాటరీ అంటే టార్చిలైటు. విద్యుత్తును దాచిపెట్టే పెట్టెకు కూడా ఆ పేరే ఉన్నదని నాకు తెలిసేసరికి పదో తరగతిలో ఉన్నాను. జగిత్యాలకు కొంత దూరంలో, వరికీ పసుపుకూ బావులూ బోర్లే దిక్కయిన పల్లె మాది. 1990లలో వ్యవసాయానికి త్రీఫేజు కరెంటును పగలు కొంతసేపు, రాత్రి కొంతసేపు వంతులవారీగా ఇచ్చేవారు. రాత్రి వంతు వచ్చిన వారమంతా నాన్న ఒంటిగంటకో రెండింటికో లేచి, "బ్యాటరీ యాడున్నదిరా?" అని అడిగేవాడు. వెతికి చేతికిస్తే ఒక్కసారి నేలమీద వెలిగించి చూసుకుని, చెప్పులు తొడుక్కుని చీకట్లోకి వెళ్లిపోయేవాడు. ఆయన తిరిగివచ్చేదాకా అమ్మ కన్ను మూసేది కాదు. పాముల భయం ఒకటి, తడి చేత్తో స్టార్టరు ముట్టుకుంటాడేమోనన్న భయం మరొకటి.

కొన్నాళ్లకు ఆయన ఆటో స్టార్టరు పెట్టించుకున్నాడు. కరెంటు రాగానే మోటారు దానంతటదే లేస్తుంది. దాన్ని పెట్టవద్దని విద్యుత్తు శాఖవారు చెబుతూనే ఉండేవారు. ఊరిలోని మోటార్లన్నీ ఒక్క క్షణంలో లేస్తే ట్రాన్స్‌ఫార్మరు తట్టుకోలేదు గదా. అయినా అందరూ పెట్టుకున్నారు. ఇప్పుడు నేను చేస్తున్న ఉద్యోగానికి ఎంత గంభీరమైన పేరున్నా, దాని మూలం ఆ ఆటో స్టార్టరేనని నా నమ్మకం. మనిషి నిద్రపోతుండగా యంత్రం వేళ కనిపెట్టి పని మొదలుపెట్టడం, అంతే.

పదమూడేళ్లుగా గల్ఫులో ఉంటున్నాను. ఎమిరేట్సులోని ఒక నగరంలో, ఒక భవనంలో వెలుతురు, చల్లదనం, లిఫ్టులు, నీళ్లు, తలుపులు అన్నీ ఒక కంప్యూటరు అధీనంలో ఉంటాయి. ఆ కంప్యూటరు నా అధీనంలో ఉంటుందని నా యజమానుల అభిప్రాయం. ఇటువంటివాటిని స్మార్ట్ భవనాలంటున్నారు. తెలుగులో ఏమనాలో తోచడంలేదు. తెలివైన భవనం అందామంటే, ఈ కథ చెప్పాక ఆ మాట అనబుద్ధి కాదు.

2021లో ఆ భవనంలోకి లిథియం బ్యాటరీలు వచ్చాయి. ఐదు వందల యూనిట్ల సామర్థ్యం. పాఠ్యపుస్తకాలు సెల్లును ఘటమన్నాయి కనుక, ఘటాలను వరుసగా గుచ్చిన దీన్ని ఘటమాల అనవచ్చు. మాట బాగుంది గాని, గుమాస్తాతో "ఘటమాల ఎంత నిండింది?" అంటే పురోహితుణ్ణి పిలుచుకొస్తాడు. ఇంకో తికమక కూడా ఉంది. భవనాన్ని నడిపే వ్యవస్థనూ బీఎంఎస్ అంటారు, బ్యాటరీని కాపాడే వ్యవస్థనూ బీఎంఎస్ అంటారు. ఇద్దరు బీఎంఎస్‌లూ ఒకరితో ఒకరు సరిగ్గా మాట్లాడుకోరు. మొదటి ఆరు నెలలు నా పని వారి మధ్య దుబాసీతనమే.

మాకు వచ్చినవి లిథియం ఐరన్ ఫాస్ఫేటు రకం. ఒక్కొక్క ఘటం సుమారు 3.2 వోల్టులు. నింపుతున్నప్పుడు లిథియం అయానులు ఐరన్ ఫాస్ఫేటు వైపునుంచి గ్రాఫైటు పొరల మధ్యకు వెళ్లి సర్దుకుంటాయి. వాడుతున్నప్పుడు తిరిగి వస్తాయి. మన సెల్‌ఫోన్లలోని కోబాల్టు రకంతో పోలిస్తే దీనిలో ఆక్సిజను ఫాస్ఫరసుతో గట్టిగా ముడిపడి ఉంటుంది. ఎంత వేడెక్కినా అది అంత తేలికగా బయటపడదు కనుక నిప్పు రాజుకోవడం కష్టం. బరువు ఎక్కువ, చోటు ఎక్కువ. కాని మనుషులు నివసించే భవనంలో పెట్టదగినది. అయితే వేడి అంటే దీనికీ గిట్టదు. ఇరవై అయిదు డిగ్రీల దగ్గర హాయిగా ఉంటుంది. ప్రతి పది డిగ్రీలకూ లోపలి క్షయం రమారమి రెట్టింపవుతుందని రసాయనశాస్త్రం చెప్పే మోటు లెక్క. వేసవిలో నలభై అయిదు డిగ్రీలు దాటే దేశంలో అందుకే బ్యాటరీ గదిని చల్లగా ఉంచడం మొదటి ధర్మమయింది. వాహనాలు కిందికి దిగే ఏటవాలు పక్కన, గాలి బయటికి పోయే దారి ఉన్నచోట, మందపాటి గోడల గది కట్టారు. రెండు ఏసీలు, ఒకటి పాడయితే మరొకటి.

ఆ గదిని ఆనుకుని పారిశుధ్య పనివారి విశ్రాంతి గది ఉంది. దాని సంగతి తరువాత.

భవనం నేల అంతస్తులో మసీదు ఉంది. నా వృత్తిలో నేను ఎక్కువ నేర్చుకున్నది ఆ మసీదు నుంచే. కార్యాలయానికి తొమ్మిదినుంచి ఆరుదాకా చల్లదనం కావాలి, ఇంటికి రాత్రంతా కావాలి. మసీదు అలా కాదు. రోజుకు ఐదుసార్లు, ఒక్కొక్కసారి ఇరవై నిమిషాలో అరగంటో నిండుతుంది. మధ్యలో దాదాపు ఖాళీ. శుక్రవారం మధ్యాహ్నం మెట్లదాకా జనం. ఆ వేళలయినా గడియారానికి కట్టుబడి ఉండవు, సూర్యుడికి కట్టుబడి ఉంటాయి. సూర్యుడు నడినెత్తి దాటగానే జుహర్. వస్తువు నీడ దాని పొడవును మించి ఒక లెక్కకు సాగితే అస్ర్. అస్తమయం కాగానే మగ్రిబ్, సంధ్యారుణిమ పోయాక ఇషా. తెల్లవారుజామున సూర్యుడు క్షితిజానికి సుమారు పద్దెనిమిది డిగ్రీల దిగువన ఉండగా ఫజ్ర్. రోజు రోజుకూ ఈ వేళలు ఒకటి రెండు నిమిషాలు జరుగుతూ ఉంటాయి. ఏడాది పొడుగునా ఆ పట్టికను మా కంప్యూటరుకు ఎక్కించి, అజానుకు నలభై నిమిషాల ముందు హాలు చల్లబడేటట్టు, నమాజు ముగిసిన కాసేపటికి తగ్గేటట్టు ఏర్పాటు చేశాను. పైకప్పు మీది సౌరఫలకాలు పగటి రెండు నమాజులనూ దాదాపు తామే మోస్తాయి. మిగిలిన మూడూ పొద్దుగుంకినాక, పొద్దుపొడవకముందు; అవి బ్యాటరీ వంతు. సూర్యుణ్ణి చూసి వేళ నిర్ణయించుకునే ఆరాధనలో సగానికిపైన సూర్యుడు లేనప్పుడు జరుగుతుందన్న సంగతి అంతకుముందు నేనెప్పుడూ గమనించలేదు.

రంజాను నెలలో ఈ లెక్కంతా తలకిందులవుతుంది. పగలు నగరం మందగిస్తుంది. సూర్యాస్తమయంతో ఒక్కసారిగా వంటిళ్లు, దీపాలు, లిఫ్టులు లేస్తాయి. ఇషా తరువాత తరావీహ్ నమాజు గంటకుపైగా సాగుతుంది. చాంద్రమానం కనుక ఆ నెల ఏటా పదకొండు రోజులు వెనక్కు జరుగుతూ, ముప్ఫైమూడేళ్లలో అన్ని రుతువులనూ చుట్టివస్తుంది. 2016లో జూన్ నెలలో మొదలయినది 2023కల్లా మార్చికి వచ్చింది. పోయిన ఏడాది లెక్కను చూసి ఈ ఏడాది లెక్కను ఊహించే కంప్యూటరు ఇక్కడ బోల్తా పడుతుంది. పరదేశంలో తయారయిన ఆ సాఫ్టువేరుకు సౌరమానం తప్ప తెలియదు. మొదటి ఏడాది అది, "అసాధారణ వినియోగం" అని నెలంతా ఎర్రదీపం వెలిగిస్తూనే ఉంది. కోటిన్నర రూపాయల తెలివికి నెలవంక తెలియదు! ఉగాదికీ జనవరి ఒకటికీ తేడా ఎరిగిన మనకు అది వింత కాదు.

ఈ వేళల లెక్క కొత్తదేమీ కాదు. డమాస్కసులోని ఉమయ్యద్ మసీదులో పద్నాలుగో శతాబ్దంలో ఇబ్న్ అల్ షాతిర్ అనే ఖగోళవేత్త వేళలు చెప్పే ఉద్యోగం చేశాడు. అక్కడి మీనారు కోసం ఆయన 1371లో చేసిన నీడగడియారం ప్రసిద్ధమయినది. అటువంటి ఉద్యోగిని మువక్కిత్ అంటారు. నా ఉద్యోగానికి అంతకంటె గౌరవప్రదమైన పూర్వరూపం దొరకదు గనుక అప్పుడప్పుడు లోలోపల నన్ను నేనూ అలాగే పిలుచుకునేవాణ్ణి. దాచుకోవడం కూడా ఆ ప్రాంతాలకు కొత్తకాదు. ఇరానులో ఎడారి అంచున యజ్ద్ వంటి ఊళ్లలో యఖ్చాల్ అనే మట్టి గోపురాలున్నాయి. చలికాలపు రాత్రులలో గడ్డకట్టించిన మంచును మందమైన గోడల మధ్య గోతిలో వేసి వేసవిదాకా దాచేవారు. అది చల్లదనపు బ్యాటరీ. గాలిని పట్టి ఇంటిలోకి దింపే బాద్గీర్ గోపురాలూ అక్కడివే. అబూధాబీ దగ్గర 2008లో కట్టడం మొదలుపెట్టిన మస్దర్ నగరంలో వాటినే తలచుకుని నలభై అయిదు మీటర్ల ఉక్కు గోపురం నిలబెట్టారు. జకార్తాలోని ఇస్తిక్‌లాల్ మసీదును కట్టిన వాస్తుశిల్పి సిలబన్ క్రైస్తవుడు. గాలి అన్నివైపులనుంచీ ఆడేటట్టు పక్కలు తెరిచి కట్టాడు. ఇటీవలి మరమ్మతులలో సౌరఫలకాలు అమర్చుకుని ఆ మసీదు 2022లో హరితభవనమన్న అంతర్జాతీయ గుర్తింపు పొందింది. గాలి మాత్రం 1978లో తలుపులు తెరచిననాడే ఉంది.

ఇంత చెప్పి, మా భవనంలో ఆ బ్యాటరీ ఎందుకు పెట్టారంటే, నిజం చెప్పాలి: అవసరమై కాదు. ఆ దేశంలో కరెంటు పోవడం బహు అరుదు. నిల్వ కావలసింది అక్కడి విద్యుద్వ్యవస్థకు. దాన్ని ప్రభుత్వం పెద్ద ఎత్తున చూసుకుంటున్నది. 2019లోనే అబూధాబీలో పది చోట్ల కలిపి 108 మెగావాట్ల సోడియం సల్ఫర్ బ్యాటరీలు నెలకొల్పారు. ఆరు గంటలపాటు ఏకధాటిగా ఇవ్వగలవు. అవి లోపల మూడు వందల డిగ్రీల వేడిలో, లోహం కరిగిన స్థితిలో పనిచేస్తాయి కనుక ఎడారి ఎండ వాటినేమీ చెయ్యదు. 2025 జనవరిలో ప్రకటించిన పథకం ఇంకా పెద్దది: 5.2 గిగావాట్ల సౌరఫలకాలు, 19 గిగావాట్-అవర్ల బ్యాటరీలు కలిపి, రేయింబవళ్లు ఒక గిగావాటు ఇవ్వాలని సంకల్పం. మా భవనానికి మాత్రం ఐదు వందల యూనిట్ల బ్యాటరీ ఒక ఆభరణం. అద్దెకు వచ్చేవారికి చూపించే పత్రంలో రెండు వాక్యాలు. అయితే ఆభరణానికి కూడా ఒక పని చెప్పాలి గదా. కరెంటు పోతే ఏవి వెలగాలి, ఏవి ఆరాలి అన్న జాబితా రాయమని నన్ను అడిగారు.

అగ్నిమాపక పంపులు, అత్యవసర దీపాలు, ఆపద్ధర్మపు లిఫ్టు నియమం ప్రకారం డీజిలు జనరేటరు మీద ఉంటాయి. అవి పోగా మిగిలినవాటిని మూడు వరుసలుగా రాశాను. మొదటి వరుస: బ్యాటరీ గది ఏసీలు, కంప్యూటరు సర్వర్ల గది, కాపలా కెమెరాలు, మసీదు. రెండో వరుస: నీటి పంపులు, మిగతా లిఫ్టులు, ముందు హాలు. మూడో వరుస, అంటే కరెంటు పోయిన మొదటి నిమిషంలోనే ఆరిపోయేవి: పార్కింగు దీపాలలో సగం, వ్యాయామశాల, సామాను గదులు, నేలమాళిగలోని ఇతర గదులు. ఒక మధ్యాహ్నం భోజనానంతరం, టీ తాగుతూ, ముప్పావుగంటలో రాసిన జాబితా అది. ముగ్గురు సంతకాలు పెట్టారు. "ఇతర గదులు" అన్న మాట కింద ఏ గదులున్నాయో వారు అడగలేదు. రాసిన నేను కూడా అడుగుకోలేదు. పటంలో ఆ గది పేరు "స్టోర్-4". అందులో మనుషులుంటారని నాకు తెలుసు. రోజూ దాని ముందునుంచే నడిచేవాణ్ణి. కాని జాబితాను పటం చూసి రాశాను.

2022 జులై. ఆ దేశంలో జూన్ 15నుంచి సెప్టెంబరు 15దాకా మధ్యాహ్నం పన్నెండున్నర మొదలు మూడింటివరకు ఎండలో పని చేయించరాదన్న నిబంధన 2005నుంచి అమలులో ఉంది. ఆవరణ ఊడ్చేవారు, అద్దాలు తుడిచేవారు ఎనిమిదిమంది ఆ వేళ స్టోర్-4లో ఒరిగి ఉండేవారు. ఒంటిగంటా నలభైకి వీధిచివరి ట్రాన్స్‌ఫార్మరు పాడయింది. మా భవనం కన్నార్పలేదు. ముందు హాలులో కూర్చున్నవారికి కరెంటు పోయిన సంగతే తెలియలేదు. నేను పైన తెర ముందు కూర్చుని, నా మూడు వరుసలూ రాసినదాన్ని రాసినట్టు పాటిస్తుండగా చూసి మురిసిపోయాను. మా పై అధికారికి ఫోనుచేసి, "సార్, అంతా సవ్యంగా నడుస్తున్నది" అన్నాను. ఆ మాట నాకు ఇప్పటికీ వినబడుతుంది.

రెండున్నరకు మసీదు ఇమాం గారు ఫోను చేశారు. ముల్తానువారు. నాకు జగిత్యాల బజారులో అబ్బిన ఉర్దూ ఉంది, ఆయన నన్ను నవ్వకుండా సహించేవారు. "ఇంజినీర్ సాబ్, కిందికి రండి" అన్నారు, అంతే.

వెళ్లేసరికి ఏడుగురు మసీదు హాలులో తివాచీ అంచున కూర్చుని ఉన్నారు. ఎనిమిదో ఆయనను పడుకోబెట్టి నుదుటిమీద తడిగుడ్డ వేశారు. మెట్‌పల్లి వైపు మనిషి, నాకంటె పదేళ్లు పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ణి. జుహర్ తరువాత ఇమాం గారు వాహనం దగ్గరకు వెళ్తుండగా ఆ గది తలుపు తెరిచి ఉండడం, లోపల చీకటి, మూలుగు గమనించి, అందరినీ పైకి తెచ్చారు. ఎనిమిదిమందిలో ముస్లిములు ముగ్గురే. ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు. కాళ్లు కడుక్కోమన్నారు, నీళ్లిచ్చారు.

అంబులెన్సు వచ్చి అన్నను తీసుకువెళ్లింది. వడదెబ్బ, ఒంట్లో లవణాలు పడిపోయాయి. నాలుగు రోజులలో తేరుకున్నాడు. ఆ రాత్రి ఆసుపత్రిలో నేను, "బయటికెందుకు రాలేదన్నా?" అని అడిగాను.

"యాడికి వోవాలె సారూ? మీది హాల్లకు పని లేనిది రావద్దన్నరు. బయట ఎండ. కరెంటు గిప్పుడత్తది గిప్పుడత్తది అని కూసున్నం. ఊర్ల సుత గంతే గదా." కాసేపాగి, "ఆ బ్యాటరీల గోడ జర సల్లగుంటది. దానికే ఈపు పెట్టి కూసున్నం" అన్నాడు.

ఆ గోడకు అవతల ఇరవైనాలుగు డిగ్రీలు. ఇవతల, మరునాడు నేను కొలతల నమోదు చూస్తే, రెండు గంటలలో నలభై ఒకటి. పక్కనే పనిచేస్తున్న యంత్రాల వేడి ఆ గదిలోకే మళ్లేది.

కరెంటు అయిదింటికి వచ్చింది. మూడు గంటల ఇరవై నిమిషాలు. అప్పటికి బ్యాటరీలో ఇంకా ముప్ఫై ఒక్క శాతం, అంటే నూటయాభై అయిదు యూనిట్లు మిగిలే ఉన్నాయి. స్టోర్-4లోని చిన్న ఏసీ గంటకు రెండు, రెండున్నర యూనిట్లు తింటుంది. ఆ మొత్తం సమయానికి ఎనిమిది యూనిట్లు సరిపోయేవి. ముందు హాలులో గోడమీదినుంచి జారే అలంకారపు జలపాతం మోటారు అదే సమయంలో పది యూనిట్లు వాడింది. అది రెండో వరుసలో ఉంది. నేనే రాశాను.

నన్నెవరూ తప్పుపట్టలేదు. విచారణలో "వ్యవస్థ రూపొందించిన విధంగానే పనిచేసినది" అని రాసుకున్నారు. ఆ వాక్యంలో అబద్ధం లేదు.

నాలుగైదు రోజులకు అస్ర్ తరువాత ఇమాం గారి దగ్గరకు వెళ్లి కూర్చున్నాను. ఆ జాబితా నేను రాసినదేనని చెప్పాను. ఆయన ఉపదేశమేదో చేస్తారనుకున్నాను, వృథా వ్యయాన్ని నిషేధించే ఇస్రాఫ్ అన్న మాట ఆయన శుక్రవారపు ప్రసంగాలలో తరచు వినిపించేది. చెయ్యలేదు. మసీదు మొదటి వరుసలో ఎందుకుందని అడిగారు. మతపరమైన స్థలం, గౌరవం కొద్దీ అన్నాను. "ఒంటిగంటా నలభైకి ఇక్కడ ఎవరున్నారు?" అన్నారు. ఎవరూ లేరు. నేను పెట్టిన పట్టిక ప్రకారం జుహర్ అయిపోయి హాలు ఖాళీగా చల్లగా ఉంది.

తరువాత ఆయన తమ ఇంటి సంగతి చెప్పారు. ముల్తానులో కరెంటు ధర మోయలేక, కోతలు భరించలేక తమ్ముళ్లు మేడమీద ఫలకాలు పెట్టుకుని, లిథియం బ్యాటరీ కొనడానికి డబ్బు కూడబెడుతున్నారు. ఏది ముందు నడవాలో తల్లి నిర్ణయించింది: రాత్రి నీళ్ల మోటారు వద్దు, పిల్లలు పడుకున్న గదిలో ఫ్యాను, ఒక దీపం, ఫ్రిజ్జు గంటకోసారి. "మా అమ్మకు చదువు రాదు. ఆమె జాబితా మీ జాబితాకంటె చిన్నది" అన్నారు, నవ్వుతూనే.

ఇది ఆయన ఒక్కరి ఇంటి కథ కాదని తరువాతి ఏళ్లలో తెలిసింది. 2024లో పాకిస్తాను దిగుమతి చేసుకున్న సౌరఫలకాలు సుమారు 17 గిగావాట్లు. ప్రభుత్వం తలపెట్టిన పథకం కాదది. ఇల్లిల్లూ, పొలం పొలం, అంగడి అంగడి తమంత తాము కొనుక్కున్నవి. వెనకే బ్యాటరీలు. లెబనానులో 2021 అక్టోబరులో రెండు పెద్ద విద్యుత్కేంద్రాలు ఇంధనం లేక ఆగిపోయి దేశమంతా చీకటయినప్పుడు, జనం ఫలకాలకూ బ్యాటరీలకూ మళ్లారు. బేరూతులో, ట్రిపోలీలో మేడలమీద అవి పుట్టగొడుగుల్లా లేచాయి. ఒక అపార్టుమెంటులో ఎవరి ఫలకాలు ఎక్కడ, ఎవరి తీగ ఎటు అన్నది పొరుగువారు తగాదాపడీ రాజీపడీ తేల్చుకోవలసిందే. ఇస్లామిక సమాజాలలో నిల్వవిద్యుత్తు అని సభలలో పత్రాలు చదువుతుంటారు. అబూధాబీ, ముల్తాను, ట్రిపోలీ, జకార్తా ఒక్క గాటన కట్టదగినవి కావు. డబ్బున్నచోట బ్యాటరీ పత్రంలో అలంకారం. లేనిచోట ఏ దీపం ఆర్పాలో రాత్రి రాత్రికీ నిర్ణయించుకునే సంసారం. తెలివైన భవనాలు ఆ రెండో చోటే ఎక్కువ అనిపిస్తుంది నాకు, వాటిలో కంప్యూటరు లేకపోయినా.

ఇమాం గారు మరొక మాట అన్నారు. కైరోలో పాత వీధుల మొగలలో సబీల్ అనే కట్టడాలున్నాయట. నేల కింద తొట్టిలో నీళ్లు నిలవచేసి, కటకటాల కిటికీలోనుంచి దారినపోయేవారికి పోసేవారు. ఖర్చు వక్ఫు ఆస్తులది. (తరువాత చదివితే, 1744లో అబ్దుర్ రహమాన్ కత్ఖుదా కట్టించినది ఈనాటికీ నిలిచి ఉంది; పైన పిల్లల బడి, కింద నీళ్లు.) "మావైపు దీన్ని చలివేంద్రం అంటారు" అన్నాను. ఆ మాటను ఆయన రెండుసార్లు పలికి చూశారు, కుదరలేదు.

జాబితా మార్చడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఎనిమిది యూనిట్ల కోసం రెండు నెలలు. అభ్యంతరం విద్యుత్తు గురించి కాదు. స్టోర్-4ను మొదటి వరుసలో చేరిస్తే, అక్కడ మనుషులుంటారని కాగితం మీద ఒప్పుకున్నట్టు. ఒప్పుకుంటే గాలి, వెలుతురు, తప్పించుకునే దారి, అన్నీ నియమం ప్రకారం చూపాలి. "నోటిమాటగా చేసెయ్యండి, కాగితం మీద వద్దు" అన్నారు. నోటిమాటను కంప్యూటరు వినదన్నాను. నిజానికి వింటుంది, ఎవరికీ చెప్పకుండా ఒక అంకె మార్చితే చాలు. రెండు మూడు రాత్రులు ఆ ఆలోచన కూడా చేశాను. చేసి ఉంటే పని ఒక్కరోజులో అయ్యేది. కాని నేను వెళ్లిపోయాక వచ్చేవాడు పటమే చూస్తాడు. చివరకు భీమా కంపెనీవారి తనిఖీ దగ్గరపడడంతో దారికి వచ్చారు, నా వాదనకు కాదు. గది మారింది, వాహనాల మట్టంనుంచి పై అంతస్తుకు. పటంలో పేరు మారింది. జలపాతం మూడో వరుసలోకి పోయింది. ఖాళీగా ఉన్నప్పుడు మసీదు రెండో వరుసలో, అజాను వేళకు మొదటి వరుసలో ఉండేటట్టు రాసి, ఇమాం గారికి చూపించి ఒప్పించుకున్నాను. కరెంటు పోతే ఎవరైనా అక్కడికి రావచ్చని తలుపు దగ్గర ఆయన నాలుగు భాషలలో కాగితం అంటించారు. తెలుగు అక్షరాలు నేను రాసిచ్చాను.

అన్న 2024లో పని మానుకుని ఊరికి వెళ్లిపోయాడు. పోయిన ఎండాకాలం ఫోను చేశాడు. గాలివానలకు తీగలు తెగి కరెంటు పోతున్నది, ఇన్వర్టరు కొందామనుకుంటున్నానని చెప్పి, "లిథియందా, నీళ్లు వోసేదా సారూ?" అని అడిగాడు. రెండింటి ధరలూ, ఆయువూ చెప్పాను. లిథియం కొనాలనే తేలింది.

"మంచమున్న గదుల పెట్టకన్నా. ఇంట్లో అన్నిటికంటె చల్లటి చోటేదో చూసి పెట్టు, ఎక్కువకాలం వస్తది" అన్నాను.

"సల్లటి జాగ ఒక్కటే సారూ, వెనకటి పెంకుటిల్లు అర్ర. ఆడ అమ్మ పండుకుంటది."

అయితే అమ్మను కదిలించవద్దని, దాన్ని ఎండ తగలని వసారా గోడకు పెట్టమని చెప్పాను. అక్కడ వేడికి అది రెండు మూడేళ్లు ముందుగా ముసలిదవుతుంది. ఆ సంగతి కూడా చెప్పాను. "కానియ్ తీ సారూ" అన్నాడు.